ఇల్లు అమ్మేముందు ఏ రిపేర్లు చేయించాలి, ఏవి వదిలెయ్యాలి

ఇల్లు అమ్మేద్దాం అనుకోగానే మనోళ్ళు చేసే మొదటి పని పెయింటర్‌కి ఫోన్ చెయ్యడం. ఆ ఫోన్ తర్వాత చేసుకోవచ్చు, ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీ ఇల్లు కొనబోయేవాళ్ళు అందులో కాపురం ఉంటారా, లేక పడగొట్టి కట్టుకుంటారా? ఇది తేలితే సగం రిపేర్ల సంగతి అక్కడే తేలిపోతుంది.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి లాంటి పాత కాలనీల్లో, విజయవాడలో పటమట, మొగల్రాజపురం వైపు, నూట యాభయ్యో రెండొందల యాభయ్యో గజాల్లో ఎప్పుడో కట్టిన ఇండిపెండెంట్ ఇళ్ళు ఉంటాయి కదా, వాటికి బేరం గజం లెక్కనే నడుస్తుంది, పైనున్న కట్టడానికి ఇచ్చేది నామమాత్రం. వచ్చినవాళ్ళు రోడ్డు ఎన్ని అడుగులు, ఫేసింగ్ ఏంటి, మూలలు సరిగ్గా ఉన్నాయా అని అడిగేసి బెడ్‌రూంలోకి తొంగి కూడా చూడకుండా వెళ్ళిపోతున్నారంటే వాళ్ళు కొంటున్నది స్థలమే. మా చుట్టాల్లో ఒకాయన ఇలాంటి ఇంటికే బయట టెక్స్చర్ పెయింట్ వేయించి, గేటు మార్పించి, పోర్టికోలో కొత్త టైల్స్ పరిపించారు. కొన్నాయన రిజిస్ట్రేషన్ అవగానే జేసీబీ తెప్పించాడు, గేటు మాత్రం పాత ఇనుము కింద అమ్ముకున్నాడు. గజానికి వచ్చిన రేటేమో పెయింట్ లేని పక్కింటికి వచ్చిందే.

అలాంటి ఇంటికి రిపేర్ల మీద రూపాయి కూడా వద్దు. ఆ డబ్బుతో సర్వేయర్‌ని పిలిచి కొలతలు వేయించుకోండి, డాక్యుమెంట్‌లో రాసున్న గజాలు నేల మీద ఉన్నాయో లేదో చూస్కోండి, పాత ఇళ్ళలో పక్కవాళ్ళ ప్రహరీ అడుగో అడుగున్నరో ఇటు జరిగి ఉండటం మామూలే, అది అగ్రిమెంట్ అయ్యాక బయటపడితే బేరం చెడుతుంది. పిచ్చిమొక్కలు కొట్టించండి, అద్దెకున్నవాళ్ళు ఉంటే ఎప్పటికి ఖాళీ చేస్తారో తేల్చుకోండి. అంతే.

ఇక ఫ్లాట్లు, ఇంకా పాతికేళ్ళు నిక్షేపంగా ఉండగలిగే ఇళ్ళ సంగతికొద్దాం. ఇక్కడ నేను అందరికీ చెప్పేది ఒకటే, చూసేవాళ్ళకి అనుమానం పుట్టించేది ఏదున్నా బాగుచేయించండి, వాళ్ళ అభిరుచికి సంబంధించింది ఏదైనా వదిలెయ్యండి. స్లాబు మీద చెమ్మ మచ్చ కనిపిస్తే కొనేవాడికి ఆ మచ్చ ఖర్చు కనిపించదు, లోపల ఇంకా ఏం కుళ్ళిపోయి ఉందో అన్న భయం కనిపిస్తుంది. పాతిక వేలతో పోయే పని అనుకోండి, వాడు రెండు లక్షలు తగ్గించమంటాడు, లేదా మీకేమీ చెప్పకుండా బ్రోకర్‌తో ఆ ఇల్లు వద్దులే అనేస్తాడు. అదే కిచెన్ టైల్స్ రంగు పాతగా ఉందనుకోండి, వాడికి భయమేం ఉండదు, మనం వచ్చాక మార్చుకుందాంలే అనుకుంటాడు.

అందుకే అన్నిటికంటే ముందు నీళ్ళు. ఇల్లు చూడ్డానికి వచ్చే ఫ్యామిలీలో ఒక పెద్దాయన తప్పకుండా ఉంటారు, హాల్లో ఫాల్స్ సీలింగ్ లైట్లు మీరెంత చూపించినా చూడరు, నేరుగా వెళ్ళి బాత్రూంకి అవతలి వైపు గోడ మీద అరచెయ్యి ఆనించి చూస్తారు, తర్వాత బీరువా వెనక్కి తొంగి చూస్తారు, ఆ తర్వాత బాల్కనీలోకి వెళ్ళి తలెత్తి సజ్జ కింద పెచ్చులు ఊడాయేమో చూస్తారు. ఆయన రాకముందే ఆ మూడు చోట్లా మీరు చూస్కోవాలి.

చెమ్మ కనిపించగానే మేస్త్రిని పిలిస్తే బాత్రూం మొత్తం పగలగొట్టాలి అంటాడు, వాడి పని వాడు చెప్తాడు, అసలు నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో మనమే కొంతవరకు పట్టుకోవచ్చు. ముందు అది గోడ లోపలి తడేనా అన్నది చూడండి. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు తీసుకుని మచ్చ మీద నాలుగు వైపులా గాలి పోకుండా టేపు వేసి ఒక రోజు వదిలెయ్యండి, కవరు లోపలి వైపు, అంటే గోడకి ఆనిన వైపు నీటి చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తోంది, బయటి వైపు పడితే అది గాలిలో తేమ, ఆ గదికి గాలి ఆడితే చాలు. గోడలోంచే అని తేలాక రెండో పరీక్ష, ఆ బాత్రూంని రెండు మూడు రోజులు వాడకుండా ఆపండి కానీ పైపులో నీళ్ళు మాత్రం ఉండనివ్వండి. వాడకపోయినా మచ్చ అలాగే తడిగా ఉంటే లీకు ఎప్పుడూ ప్రెషర్ ఉండే పైపులో ఉన్నట్టు, జాయింట్ పోయిందనో పాత జీఐ పైపు, అంటే జింక్ పూత ఇనుప పైపు, తుప్పు పట్టి చిల్లు పడిందనో అనుకోవచ్చు. వాడటం ఆపగానే ఆరిపోతుంటే తప్పు ఫ్లోరుదో డ్రైనేజీదో. అప్పుడు నీళ్ళు పోయే జాలీకి గుడ్డ బిగించి అంగుళం ఎత్తున నీళ్ళు నింపి ఒక రోజు ఉంచండి. కింద తడి దిగితే టైల్స్ మధ్య సందులు పోయినట్టు, నింపినప్పుడు దిగకుండా గుడ్డ తియ్యగానే దిగితే ట్రాప్ (జాలీ కింద నీళ్ళు నిలిచే వంపు) దగ్గరో దాని కింద పైపులోనో ఉంది. సందులే ఐతే పగలగొట్టక్కర్లేదు, పాత గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపింది) గీకేసి ఎపాక్సీ గ్రౌట్ పెట్టిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. ఇది చెప్తే మేస్త్రికి నచ్చదు అనుకోండి.

ఫ్లాట్‌లో మీ సీలింగ్ మీద మచ్చ ఉంటే తప్పు చాలాసార్లు పై ఫ్లాట్ బాత్రూంలో ఉంటుంది, మీరు కిందనుంచి ఎన్ని కోట్లు వేయించినా దండగే. పైవాళ్ళతో మాట్లాడండి, వినకపోతే అసోసియేషన్‌కి లెటర్ రాసి పెట్టండి, అవసరమైతే ఖర్చు సగం మీరే పెట్టుకోండి. ఇల్లు అమ్మేసి పోయేవాడివి నీకేంటి అని పైవాళ్ళు అంటారు, అంటారు తప్పదు, కానీ అమ్మకం ఆగితే నష్టం మీకే కదా.

టాప్ ఫ్లోరు ఐనా, సొంత డాబా ఐనా, పని ఎండాకాలంలోనే చేయించాలి. స్లాబు బాగా ఎండి ఉన్నప్పుడే చాలా రకాల వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా పట్టేది. డాబా అంతా ఒకసారి బ్రష్‌తో రాసేసి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ, మీరు దగ్గరుండి చూడాల్సింది ఏంటంటే పగుళ్ళని ముందు గాడిలా కొట్టి నింపారా, పిట్టగోడా స్లాబూ కలిసే మూల నింపారా, వాన నీళ్ళు దిగే పైపు మూతి శుభ్రంగా ఉందా. లీకులు ఎక్కువగా ఈ మూల దగ్గరా ఈ మూతి దగ్గరే. తర్వాత ఆషాఢం వస్తుంది, ఎలాగూ ఆషాఢంలో ఇల్లు కొనడానికి ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు, ఆ నెల వానలకి మీ పని నిలబడిందో లేదో చూస్కోండి, నిలబడితే లోపల గోడలు ఆరాక లప్పం, పెయింట్. శ్రావణం, దసరా, కార్తీకం టైంకి ఇల్లు రెడీగా ఉంటుంది. వానలో లప్పం పెట్టిస్తే సంక్రాంతికి బుడగలు లేస్తుంది.

ఒక చెమ్మ మాత్రం తేలిగ్గా పోయేది కాదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో గోడల కింది రెండు మూడు అడుగులు తెల్లగా ఉప్పులాగా పొంగి, చేత్తో తడిమితే పొడి రాలుతుంది చూశారా, అది నేలలోంచి గోడ పీల్చుకుంటున్న తడి. మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెంచుకుంటూ పోతారు, ఇల్లు పల్లంలో పడుతుంది, ఇంక నీళ్ళు గోడ పక్కనే నిలబడతాయి. బయట నీళ్ళు నిలవకుండా వాలు చేయించండి, గోడకి ఆనించి ఉన్న పూలమొక్కల మట్టి తీయించండి, అంతవరకు చేసి మిగతాది రేటులో మాట్లాడుకోండి. దాని మీద టైల్స్ అతికించి కప్పెట్టే పని చెయ్యకండి, తడి టైల్స్ పైనుంచి ఎక్కి ఇంకో రెండడుగుల ఎత్తులో కనిపిస్తుంది.

పెచ్చులు ఊడటం గురించి ఓ మాట. స్లాబులో ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కింద కాంక్రీటుని నెట్టేస్తుంది, అందుకే పెచ్చులు పడతాయి. వైజాగ్‌లో సముద్రానికి దగ్గరున్న ఇళ్ళకి ఈ బెడద మరీ ఎక్కువ, ఉప్పు గాలి ఊచల దాకా పోతుంది. దీనికి సిమెంట్ పూత పూసేస్తే వచ్చే ఏడాది ఆ పూతతో సహా ఊడుతుంది. వదులుగా ఉన్నదంతా కొట్టేసి, ఊచ మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు ఆపే ప్రైమర్ కొట్టి, ఆ తర్వాత పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపాలి. సజ్జల వరకే ఐతే ఇది చిన్న పని, చేయించెయ్యండి. గది స్లాబంతా, బీములు, పిల్లర్లు పగిలి ఉంటే మాత్రం మేస్త్రి మాట మీద వెళ్ళకండి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి ఒక రిపోర్టు రాయించుకోండి. కొనేవాళ్ళు లోన్ పెడితే బ్యాంకు తరఫున వాల్యుయర్ ఎలాగూ వస్తాడు, బిల్డింగ్ వయసు, కండిషన్ ఆయన రాసేది కూడా చూసే లోన్ ఇస్తారు.

కరెంటు సంగతి త్వరగా తేలిపోతుంది. వేలాడుతున్న బోర్డులు, నల్లగా మాడిన ప్లగ్గులు మార్పించండి, ఎర్తింగ్ చెక్ చేయించండి, పాత ఫ్యూజు కట్టలు ఉంటే ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు) పెట్టించండి, షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ ఒకటి కలపండి. బెడ్‌రూంలో ఏసీ పాయింట్ లేకపోతే ఒకటి లాగించండి, అది చూసేవాళ్ళు అడుగుతారు. ఇల్లంతా కొత్త వైరింగ్ ఐతే తీగలు కరిగిపోయి ఉంటే తప్ప అక్కర్లేదు.

చిల్లర పనులు ఒక రోజు పెట్టుకుని ఒకేసారి చేయించేయండి, కారే కుళాయిలు, ఆగకుండా పారే ఫ్లష్, వానాకాలంలో ఉబ్బి మూసుకోని బాత్రూం తలుపు, కీచుమనే మడత బందులు, చిరిగిన దోమల మెష్, సింక్ చుట్టూ నల్లబడ్డ సిలికాన్, పగిలిన స్విచ్చు, పనిచెయ్యని కాలింగ్ బెల్లు. ఒక్కోటి వందల్లో పోయేవే కానీ అన్నీ కలిసి ఈ ఇంటిని ఎవరూ పట్టించుకోలేదు అనిపిస్తాయి, ఇల్లు చూసేవాడి మైండ్‌లో అది పడితే ఇంక బాగున్నవి కూడా బాగోలేనట్టు కనిపిస్తాయి. దర్వాజాలకి చెదలు పడితే మట్టి గీతలు తుడిచేసి పెయింట్ కొట్టొద్దు, చెదల మందు వేయించి, తినేసిన ముక్క వరకు కోసి కొత్త చెక్క అతికించమనండి.

పెయింట్ చివర్లో. ఇల్లు ఖాళీ అయ్యాక, అన్ని రిపేర్లు అయ్యాక, లోపల ఒకే లేత రంగు, తెలుపో క్రీమో. గోడలూ సీలింగూ కలిపి కొలత కార్పెట్ ఏరియాకి (గోడల లోపలి నేల కొలతకి) సుమారు మూడు నుంచి మూడున్నర రెట్లు వస్తుంది, పెయింటర్ చెప్పే లెక్క దాన్ని మరీ దాటిపోతుంటే టేపు పట్టించండి. గోడ బాగుంటే పాత లప్పం మీదే టచప్ చేసి రెండు కోట్లు వేయిస్తే చాలు, ఖరీదైన రాయల్ ఫినిష్‌లు మనం ఉండబోయే ఇంటికి. ఇంకోటి, ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకి మాత్రం కొత్త వాసన వస్తుంటే ఆ పెద్దాయన అక్కడే ఆగుతారు.

వదిలెయ్యాల్సినవాటిలో మొదటిది మాడ్యులర్ కిచెన్. మీకు నచ్చిన రంగు వాళ్ళకి నచ్చదు, పైగా కొనే ఇంటావిడకి స్టవ్ ఎక్కడ ఉండాలో ఆవిడ లెక్క ఆవిడకుంటుంది. ఫాల్స్ సీలింగ్, కొత్త ఫ్లోరింగ్, వార్డ్‌రోబ్‌లు కూడా అంతే. పాత మార్బుల్, మొజాయిక్ ఉంటే పాలిష్ పట్టించండి, దాని మీద టైల్స్ వెయ్యకండి. బాత్రూంలు రెండూ ఇండియన్ టాయిలెట్లే ఉంటే ఒకటి వెస్ట్రన్ చేయించమని చాలామంది చెప్తారు, ఇంట్లో పెద్దవాళ్ళుంటారు కాబట్టి ఆ మాట నిజమే, కానీ అది చెయ్యాలంటే ఫ్లోర్ పగలగొట్టాలి, ఇప్పటిదాకా లీకు లేని బాత్రూంకి కొత్తగా లీకు తెచ్చుకునే ప్రమాదం ఉంది, ప్లంబర్ మీద గట్టి నమ్మకం ఉంటేనే.

వాస్తు గురించి చెప్పకపోతే ఊరుకోరు కాబట్టి చెప్తున్నా. ఈశాన్యంలో టాయిలెట్ ఉంది, ఆగ్నేయంలో వంటగది లేదు, అని గోడలు పగలగొట్టి మార్చకండి. కొనేవాళ్ళ సిద్ధాంతి వేరే ఉంటాడు, మీ సిద్ధాంతి మార్పించింది ఆయన మళ్ళీ మార్చమంటాడు. ఆ ఇంట్లో మీరు బాగానే బతికారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు అన్న మాట గోడ మార్చడం కంటే బాగా పనిచేస్తుంది. అలాగే అమ్మేముందు బాల్కనీ మూసి గది చెయ్యడం, పైన రేకుల షెడ్డు వెయ్యడం లాంటివి అసలు వద్దు, శాంక్షన్ ప్లాన్‌లో లేనిది కనిపిస్తే వాల్యుయర్ దానికి విలువ కట్టడు, పైగా డీవియేషన్, అంటే ప్లాన్ తప్పి కట్టారు, అని రాస్తాడు.

ఫ్లాట్ తీసుకుని ఇంకా 5 ఏళ్ళు కాలేదా? ఐతే జేబులో చెయ్యి పెట్టకముందు బిల్డర్‌ని అడగండి. 2016 నాటి రెరా చట్టం (బిల్డర్లని నియంత్రించే రియల్ ఎస్టేట్ చట్టం) కిందకొచ్చే ప్రాజెక్టుల్లో పొజిషన్ ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్ళ లోపు స్ట్రక్చర్‌లో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచెయ్యాలి. ఫోన్‌లో అడిగితే రేపూ మాపూ అంటారు, ఫొటోలతో మెయిల్ పెట్టండి.

అన్నీ చేయించలేం, డబ్బో టైమో ఉండదు. అప్పుడు చేయించలేని పనికి ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని పెట్టుకోండి. కొనేవాడు డాబా చూపించి మూడు లక్షలు తగ్గించమన్నప్పుడు, సార్ ఇదిగో ఎనభై వేలకి చేస్తామన్నారు, ఆ ఎనభై తగ్గిస్తాను అంటే బేరం అక్కడ నిలబడుతుంది, కాయితం లేకపోతే వాడి నోటికొచ్చిందే లెక్క. దాచిపెట్టడం మాత్రం మంచిది కాదు, నీతి కోసం అనట్లేదు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం మామూలు జాగ్రత్తతో కొనేవాడికి కనిపించని పెద్ద లోపం మీకు తెలిసుంటే చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిదే, చెప్పకపోతే మోసం కిందకొస్తుంది. అదే సెక్షన్ టైటిల్‌లో, అంటే ఆస్తి మీద మీ హక్కులో, లోపాలకీ వర్తిస్తుంది.

టైటిల్ అంటే గుర్తొచ్చింది, పేపర్లకి కూడా రిపేర్లుంటాయి, గోడల కంటే ముందు చేయించాల్సినవి ఇవే. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి, ఎప్పుడో తీర్చేసిన లోన్ తాలూకు మార్ట్‌గేజ్ ఇంకా అలాగే కనిపిస్తుందేమో, కనిపిస్తే బ్యాంకుతో రిలీజ్ చేయించాలి. ఇంటి పన్ను, కరెంటు మీటరు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉన్నాయేమో, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కాలేదేమో, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ సంతకాలకి వస్తారో లేదో. లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), ప్లాన్ కాపీ, ఫ్లాట్ ఐతే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), అసోసియేషన్ నుంచి బాకీ లేదని నో డ్యూస్, ఇవన్నీ దగ్గర పెట్టుకోండి. కొత్త పెయింట్ వేసిన ఇల్లు పేపర్లు కుదరక ఏడాది ఆగితే మళ్ళీ పెయింటే వేయించుకోవాలి.

బయట దేశాల్లో ఉండి ఇక్కడ తాళం వేసిన ఇల్లు అమ్మేవాళ్ళకి ఒక చిన్న సలహా. వాడని బాత్రూంలలో ట్రాప్‌లో నిలిచే నీళ్ళు ఆవిరైపోతాయి, ఆ నీళ్ళే డ్రైనేజీ గాలిని ఆపేది, అవి పోతే ఇల్లంతా మురుగు వాసన, బొద్దింకలు. ఎవరికైనా తాళం ఇచ్చి పదిహేను రోజులకోసారి ప్రతి జాలీలో మగ్గు నీళ్ళు పోయించి, ఫ్లష్ నొక్కించి, మోటారు కాసేపు ఆడించి, కిటికీలు పూటంతా తెరిపించండి. దీనికి పెట్టే ఖర్చు ఎంత, చూసినవాళ్ళు మాత్రం లోపలికి రాగానే ముక్కు మూసుకోరు.

చివరగా బిల్లులు, ఇవి పన్ను లెక్కలో పనికొస్తాయి. ఇల్లు కొన్న రెండేళ్ళ తర్వాత అమ్మితే లాభం లాంగ్ టర్మ్ కిందకొస్తుంది. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్న వ్యక్తులు ఇండెక్సేషన్ (కొన్న ధరని ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కెయ్యడం) లేకుండా లాభం మీద 12.5 శాతం పన్ను, ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది కట్టుకోవచ్చు, ఎన్నారైలకి ఈ వెసులుబాటు లేదు. గది కట్టడం, బోరు వేయించడం లాంటి విలువ పెంచే పనుల ఖర్చు లాభంలోంచి తగ్గించుకోవచ్చు, మామూలు పెయింటు, కుళాయి రిపేర్లు అందులోకి రావు. బ్రోకర్ కమీషన్ కూడా లాభంలోంచి తగ్గించుకోవచ్చు. అందుకే పెద్ద పని ఏది చేయించినా మేస్త్రి చేతికి క్యాష్ ఇచ్చి ఊరుకోకుండా బిల్లు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఉండేలా చూసుకుని మీ ఆడిటర్‌కి ముందే చూపించండి. వాటర్‌ప్రూఫింగ్‌కి వారంటీ కాయితం ఇస్తే అది మాత్రం కొనేవాళ్ళకి ఇచ్చెయ్యండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.